సేత్వార్

దేవరకొండ తహసీలు ఆఫీసుల
మూడో బీరువా తెరిస్తే
ముందు వాసనొస్తది, తర్వాత అక్షరాలొస్తయి.
కుడి నుంచి ఎడమకు నడిచే ఆ రాత
నా కంటికి చీమల బారు.
ఎం.ఏ. తెలుగు జేసిన, జూనియర్ అసిస్టెంటును,
ఈ బీరువా ముంగట
నేనూ ఏలిముద్ర మనిషినే.

నేరేడుగొమ్ము అవతలి తండా నుంచి
కేతావత్ సాల్కి వొచ్చింది.
యూరియా సంచి ముక్కల చుట్టిన నకలు కాయితం.
"మా తాత పేరు ఇందుల ఉన్నదంటరు,
జర సదువు బిడ్డా."
నేను అటెండరును వాజిద్ సాబు ఇంటికి తోలిన.
ఊర్ల ఈ రాత వొచ్చినోళ్లు ఇద్దరే ఉండిరి,
మొన్న చలికాలం ఒక్కరైన్రు.

ఎనబై నాలుగేండ్ల మనిషి.
కండ్లద్దాలు రెండుసార్లు తుడిచి
సేత్వార్ మీద ఏలు పెట్టిండు.
ఏలు నడుస్తనే ఉన్నది, నోరు ముచ్చట వెట్టింది:

"తుర్కీల ఒక్క ఏడు అక్షరాలనే మార్చిన్రు బిడ్డా,
మా అబ్బా పత్రికల సదివి జెప్పెటోడు.
కొత్త సంవత్సరం దినం నుంచి పాత రాత బంద్.
నడీడు మనుషులు పలకలు వట్టుకొని
మల్ల బడికి వోయిన్రు.
ఆ బడికి కూడ పాత పేరు ఉంచలేదు తర్వాత.
ఇప్పటి మనుమండ్లు
తాత సమాధి కాడ నిలవడితే
రాయి మీదున్నది పేరో పువ్వో ఎరుక గాదంట.
గని ఒకటి మంచిగ జేసిన్రు,
కొత్త మాటల కోసం నౌకర్లను పల్లెలకు తోలి
ముసలోళ్ల నోట్ల మాటలు ఏరుకొచ్చిన్రు."

మా నాయినమ్మను ఎవ్వరడిగిన్రు?
ఆరో తరగతి పరీక్షల నేను ఆనిగెపుకాయ అని రాస్తే
ఎర్ర సిరాతోని కొట్టేసి
మీద సొరకాయ అని రాసిన్రు.
ఇంట్ల కూర మాత్రం మారలేదు.

నేనన్న: "సాబ్, మనం గూడ జల్లెడ వడితే?
బయిటి మాటలన్ని ఏరి పారబోస్తే?"
దరఖాస్తు పోతది. రసీదు పోతది.
జిల్లా పోతది, మనమెక్కడున్నమో తెల్వది.
బాకీ పోతది,
పోతే పోనీ, పీడ వోయె.
కలం పోతది, జవాబు పోతది,
రైతు పోతడు.
పంట ఉంటది, పండించినోడుండడు.
సాబు నవ్విండు, దగ్గొచ్చింది.
"హక్కు గూడ పోతది బిడ్డా.
తుర్కోళ్లు ఎంత జల్లెడ వట్టినా
ఆ మాట ఒక్కటి
జల్లెట్లనే ఆగింది."

సాల్కి నవ్వలేదు.
"ఈ రాతే మా భూమి తిన్నది.
పట్వారి ఏం రాసిండో పట్వారికే ఎరుక,
మా తాత ఏలు మాత్రం నల్లగైంది."
సాబు ఏలు ఆగింది.
సాబు అబ్బా ఆ దినాలల్ల గిర్దావరు.
ఫంకా చప్పుడు తప్ప ఏం లేదు కొంచెం సేపు.

"దొరికింది," అన్నడు, గొంతు తగ్గిచ్చి.
రెండు వందల పన్నెండో నంబరు, శిక్మీదారు కేతావత్...
కింద ఒక చుక్క ఉంటే బాల్యా.
మీద ఒకటుంటే నాల్యా.
మీద రెండుంటే తాల్యా.
పురుగుకు ఏ భాషా రాదు,
చుక్క ఉన్నకాడ తిన్నది.

"బాల్యా," అన్నది సాల్కి.
ఇంకేందో అన్నది తన మాటల,
ఆ మాటకు మార్చనీకి అక్షరాలే లేవు,
ఏ సర్కారూ ఇయ్యలేదు, గుంజుకోలేదు.
కంప్యూటర్ల పేరు గడి ఖాళీగ మెరుస్తున్నది.
రుజువు లేంది ఎక్కనియ్యది.

సాబు కలం అడిగిండు.
రికార్డు మీద రాసుడు నేరం,
గోడ మీద బోర్డే ఉన్నది, అచ్చమైన తెలుగుల.
నేను ఇయ్యలేదు.
ఎండ వడుతున్నదని
కిటికీ మూయనీకి లేచిన.
కలం బల్ల మీదనే ఉన్నది.